ప్రస్థానం పెట్టిన ల్యాప్‌టాప్

శనివారం ఉదయానికి సరణ్య వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. అయిదున్నరకు లేవాలి. పాపకు రాగిజావ కాయాలి. మామగారికీ మొగుడికీ ఇడ్లీలు పెట్టి ఏడింటికల్లా పాత్రల అంగడికి సాగనంపాలి. తొమ్మిదికి ఆడబిడ్డ శృతి చొక్కా ఇస్త్రీ చేయాలి. ముందు గదిలో పేర్చిన అంగడి సరుకు కెమెరాకు కనబడకుండా దుప్పటి వేలాడదీయాలి. తొమ్మిదీ ముప్పావుకు పాపను ఎత్తుకొని పెరట్లోకి పోవాలి. ఆ తర్వాత అరగంటసేపు ఇంట్లో మిక్సీ తిరగకూడదు, కుక్కరు కూయకూడదు, అత్తగారు దగ్గకూడదు. రాత్రి మూడుసార్లు లేచిన పాప వల్ల కళ్లు మండుతున్నా, ఈ వరుసంతా ఆమెకు ఎక్కాల్లాగా నోటికి వచ్చు.

పది గంటలకు శృతికి ఉద్యోగ మేళా. మేళా అంటే పందిరి లేదు, జనం లేరు, అంతా కంప్యూటర్ తెరలోనే. కొత్తగా చదువు ముగించిన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఒక పక్క, కంపెనీలు మరో పక్క; వరుసలో నిలబడినట్టే తెర మీద నిలబడాలి. వంతు వచ్చినప్పుడు ఏడంటే ఏడు నిమిషాలు కంపెనీ మనిషి ఎదుట మాట్లాడవచ్చు. శృతిని పిలిచింది ఒకే ఒక్క కంపెనీ, చెన్నైది. పట్టా పుచ్చుకొని రెండేళ్లు దాటినవాళ్లను ఈ మేళాకు రానివ్వరు. శృతికి వచ్చే నెలతో రెండేళ్లు నిండుతాయి.

ఇంకో ముడి కూడా ఉంది. తాముండే తమిళనాటి ధర్మపురిలోనే ఒక ప్రైవేటు స్కూలువాళ్లు కంప్యూటర్ టీచరుగా వస్తావా అని నెల కిందట అడిగి, ఈ సోమవారంలోగా జవాబు చెప్పమన్నారు. అత్తగారు కాంతామణికి అదే ఇష్టం. "ఇంటి నుంచి నడిచిపోయి నడిచిరావచ్చు, ఇంకేం కావాల?" అన్నది. శృతి ఏడవలేదు, అన్నం మానేసింది. అప్పుడు సరణ్యే, పదకొండో తరగతి, అంటే ప్లస్ వన్, మధ్యలో చదువు ఆగి తన పుస్తకాలు పాత కాగితాలవాడికి పోయిన సంగతి గుర్తొచ్చి, "అత్తా, ఒక్క నెల చూద్దామత్తా" అని అడిగింది. కాపురానికి వచ్చి నాలుగేళ్లలో ఆమె ఆ ఇంట్లో గట్టిగా అడిగింది అదొక్కటే. ఆ నెల ఈ శనివారంతో సరి.

ఏడున్నరకు కాంతామణి క్యాలెండరులో నిన్నటి కాగితం చించి, నేటి కాగితాన్ని ముక్కుకు ఆనించుకొని చదివింది. "దీనికి పిలుపు ఎన్నింటికే?"

"పదికి అత్తా."

"పదికా! శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం కదే! రాహుకాలంలో ఎవురన్నా మంచి పనికి బయల్దేరతారా?"

"బయల్దేరేది ఏముందత్తా? ఇంట్లోనే కూర్చోని మాట్లాడేది."

"ఇంట్లో కూర్చుంటే మాత్రం? కంపెనీ యాడుండాది? మద్రాసులో. మనిషి పోకపోయినా మాట పోతాది కదా."

అత్తగారి మాటలకు జవాబు వెతకడం ఆమె రెండో ఏడాదే మానేసింది. కాంతామణి దగ్గర మాత్రం ప్రతి చిక్కుకూ విరుగుడు ఉంటుంది. దీనికి విరుగుడు ప్రస్థానం. ఆ ఇళ్లలో పరస్తానం అంటారు. ప్రయాణం చెడుగడియలో పడితే, ముందుగా మంచి గడియ చూసి, ప్రయాణికుడి వస్తువు ఒకటి మూటగట్టి ఎదురింట్లోనో పక్కింట్లోనో పెడతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత మనిషి ఏ గడియలో కదిలినా దోషం లేదు. ఒకటే నియమం: గడప దాటిన మూట ప్రయాణం ముగిసేదాకా తిరిగి ఇంట్లోకి రాకూడదు. వస్తే పని చెడినట్టే.

"మీ మామ సేలానికి సరుకుకు పోయేటప్పుడు తుండు పెట్టేవాడు" అన్నది కాంతామణి, పసుపు నీళ్లలో గుడ్డ తడుపుతూ. "దీనికి ఏం పెట్టాల? ఆ మేళాకు అది ఏం ఎత్తుకోని పోతాది?"

పాప చెవిలోకి పోయిన జావను కొంగుతో తీస్తున్న సరణ్య వెనక్కి తిరక్కుండానే అన్నది: "ల్యాప్‌టాపే అత్తా, ఇంకేముంది."

ఆ ఒక్క మాటే ఆమె చేసిన తప్పు. తర్వాత ఎన్నిసార్లు లెక్క చూసుకున్నా ఇంకోటి దొరకలేదు.

ఏడూ ముప్పావుకు మంచి గడియ. శృతి తలంటుకోవడానికి బాత్రూములోకి పోయింది. కాంతామణి ల్యాప్‌టాప్ ముందు నిలబడి దండం పెట్టింది. దాని నుంచి ఒక తీగ వేలాడుతోంది, తీగ చివర ఛార్జింగుకు పెట్టిన శృతి ఫోను. జంటను విడదీయడం మంచిది కాదని రెంటినీ కలిపే పసుపు గుడ్డలో చుట్టి, మధ్యన తమలపాకు పెట్టి, ఎదురింటి సెల్లమ్మాళ్ చేతికి ఇచ్చి వచ్చింది. సెల్లమ్మాళ్ మేస్త్రీల వెంట కూలిపని చేసే మనిషి. మాట ఇచ్చిందంటే ఇటుక మీద ఇటుక పెట్టినట్టే.

తొమ్మిదింబావుకు శృతి తల ఆరబెట్టుకొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

"వదినా, నా ల్యాప్‌టాప్ యాడ?"

సరణ్య అత్తగారి వైపు చూసింది. కాంతామణి తృప్తిగా నవ్వింది. "పరస్తానం పెట్టినా. ఇంక నువ్వు నిమ్మళంగా పదికి మాట్లాడు."

"దేంతో మాట్లాడేది మా?"

"నోటితో."

శృతి ముఖంలో రంగు దిగిపోవడం సరణ్య చూసింది. పథకంలో దీనికి గడి లేదు. "అత్తా, అది లేకుంటే మేళా లేదు. అదే మేళా. పోయి తెచ్చుకుంటాము" అన్నది.

"తెచ్చేదా! గడప దాటిన మూటను మళ్లా ఇంట్లోకి తెస్తారా? వెనక నుంచి పిలిచినట్టే అయితాది. కావాలంటే ఇదే పోయి ఆడ కూర్చోని మాట్లాడనీ. మూట ఉండే తావు నుంచి బయల్దేరేదే కదా పద్ధతి."

శృతి తల్లితో వాదించలేదు. టైమ్ లేదు. వీధి దాటి ఎదురింటికి పరుగెత్తింది. వెనకే పాపను చంకనేసుకొని సరణ్య. ఎదురింటి తలుపుకు గుండ్రాయంత తాళం.

కిటికీలో నుంచి తొంగి చూస్తే సామి పటాల ముందు పీట ఉంది, పీట మీద ఏమీ లేదు. సరణ్య తన ఫోనులోంచి సెల్లమ్మాళ్‌కు కొట్టింది. తాళం వేసిన ఇంట్లోనే ఎక్కడో ఫోను మోగింది. శృతి ఫోనుకు కొట్టింది. అది మోగినట్టే మోగింది, ఎవరూ ఎత్తలేదు.

"ఎవురు, సెల్లమ్మక్కా?" వీధి మూల కూర్చుని పూలు కట్టే కలైసెల్వి దారం నోట్లో పెట్టుకొనే అడిగింది. "పెరియంపట్టికి పోతా ఉండాది. తమ్ముడి కూతురికి చెవులు కుట్టేది ఈపొద్దు. ఇప్పుడే, పది నిమిషాలు కూడా కాలే, బస్‌స్టాండుకు పోయినాది."

"చేతిలో ఏమన్నా ఉండిందా?" అన్నది శృతి.

"పసుపు మూట. బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోని పోయినాది. ఏందక్కా అది అంటే, ఒకరి పరస్తానం, బీగం వేసిన ఇంట్లో వదలకూడదు, ప్రయాణానికి బీగం పడినట్టే అయితాది, నాతోనే ఉండనీ అన్నాది."

గడప మీద నిలబడి వింటున్న కాంతామణి తల ఊపింది. "చూసినావా, ఎంత పద్ధతి తెలిసిన మనిషో!"

ఆటో దొరికేసరికి తొమ్మిదీ ముప్పై అయిదు. కాంతామణి ఆటోను ఆపి లోపలికి పరుగెత్తి, ఒక గిన్నెతో తిరిగి వచ్చింది. శనివారం తూర్పు దిక్కుకు శూల, అటు ప్రయాణం కూడదు; మద్రాసు తూర్పున ఉంది, పెరుగు తిని పోతే దోషం ఉండదు. శృతికి ఒక చెంచా, సరణ్యకు ఒక చెంచా, పాపకు ఒక చెంచా. ఆటో మనిషి కూడా ప్రయాణం చేస్తున్నాడు కాబట్టి అతనికీ ఒక చెంచా. అతను కాదనలేదు. కాంతామణి చెంచా పట్టుకున్నప్పుడు ఎవరూ కాదనరు.

ఆటోలో శృతి వదిన ఫోను తీసుకొని మేళా పేజీ తెరిచింది. పాస్‌వర్డు కొట్టేసరికి తెర మీద ఒక గీత, గీత పక్కన ఒక గడియారం, దాని కింద రాత: మీ ముందు ముగ్గురు ఉన్నారు.

"ఇంత చిన్న ఫోనులో నేను చేసిన ప్రోగ్రాము ఎట్ల చూపించేది వదినా? అంతా ల్యాప్‌టాపులోనే ఉండాది. నోటితో చెప్తే ఎవురు నమ్ముతారు? మా క్లాసులో అందరూ నోటితోనే చెప్తారు."

"దొరుకుతాది, ఊరుకో. సెల్లమ్మక్క ఏమన్నా అమెరికాకు పోయిందా? పెరియంపట్టికే కదా" అన్నది సరణ్య. ఒడిలో పాప ఆమె గాజులు లాగుతోంది. కడుపులో ఆ ఒక్క చెంచా పెరుగు తప్ప ఏమీ లేదు.

బస్‌స్టాండుకు చేరేసరికి తొమ్మిదీ యాభై. ఇరవై బస్సులు, ఇరవై హారన్లు. శృతి ఫోనును వదిన చేతిలో పెట్టింది. "వదినా, ఇది ఆరిపోకూడదు. అప్పుడప్పుడు వేలుతో తాకతా ఉండు. మనకన్నా ముందు ఇద్దరుండారు. ఇంకా పదైదు నిమిషాలు పడతాది. ఆలోపల నేను వచ్చేస్తా." చొక్కా చేతులు మడుచుకొని బస్సుల మధ్యలోకి దూరింది.

సరణ్య ఒక అరటిపళ్ల బండి పక్కన నీడ చూసుకొని నిలబడి, వేలుతో తాకుతూ ఉంది. రెండు ఒకటి అయింది. ఇంతలోనే ఒకటి మాయమైంది. ముందున్నవాళ్లిద్దరూ రానేలేదేమో! తెర నల్లబడి, తెల్లబడి, అందులో నెరిసిన జుట్టు ఎగదువ్వి కట్టిన ఒక మేడమ్ ప్రత్యక్షమైంది. పైమూలన గడియారం వెనక్కి నడవడం మొదలుపెట్టింది. 7:00. 6:59.

"శృతి దేవరాజన్?" అన్నది మేడమ్.

అవునంటే అబద్ధం, కాదంటే కట్. ఫోను కదలకుండా రెండో చేత్తో పట్టుకుందామంటే రెండో చేతిలో పాప.

"కాదు మేడమ్, నేను వాళ్ల వదినను. ఆ పిల్ల వస్తా ఉండాది. దయచేసి కట్ చేయొద్దు మేడమ్" అన్నది తమిళంలో.

మేడమ్ కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకుంది. పొద్దున ఎనిమిది నుంచి కూర్చున్న మనిషి అని చూడగానే తెలుస్తోంది. తనూ తమిళంలోకే దిగింది. "ఎక్కడికి వెళ్లింది?"

"బస్సులో ఉండే ల్యాప్‌టాప్ తెచ్చేదానికి."

"బస్సులో మరిచిపోయిందా?"

"మరిచిపోలేదు మేడమ్. మేమే పంపినాము."

మేడమ్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. సరణ్యకు అబద్ధం అల్లే తీరికా లేదు, ఓపికా లేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. రాహుకాలం, పసుపు గుడ్డ, బీగం, చెవులు కుట్టడం, అన్నీ. చెబుతుంటేనే తనకు వినబడింది, ఇది ఎంత తెలివితక్కువగా ఉందో. మధ్యలో పక్కనే ఒక కండక్టరు "కారిమంగళం, కారిమంగళం, పెరియంపట్టీ!" అని అరిచాడు.

"సాక్ష్యం కూడా ఉందన్నమాట" అన్నది మేడమ్. "సరే. ఈ ఏడు నిమిషాలు ఎవరూ లేకపోయినా నేను ఇక్కడ కూర్చోవలసిందే. పొద్దుటి నుంచి పదిహేనుమందితో మాట్లాడాను. పదిహేనుమందీ కష్టపడి పనిచేస్తామనీ, త్వరగా నేర్చుకుంటామనీ చెప్పారు. మీరు చెప్పండి, మీ ఆడబిడ్డ ఎలాంటిది?"

సరణ్య ఆలోచించింది. "తిన్న ప్లేటు కడగదు మేడమ్."

మేడమ్ ఏదో రాసుకుంది. "అంటే... పనిలో పడితే లేవదు, అందుకని. అన్నం మూడుసార్లు వేడి చేయాల. తప్పు యాడుందో దొరికేదాకా లేవదు."

"ఏం పని?"

"మాది పాత్రల అంగడి మేడమ్. అటకల మీద ఏ పాత్ర యాడుందో మా మామకే గుర్తుండదు. ఈ పిల్ల దానికి ఒక ప్రోగ్రాము రాసినాది. గుండిగ అని కొడితే ఏ అటక, ఏ మూల అని చెప్తాది. మామ ముందర నమ్మలేదు. ఇప్పుడు నిచ్చెన ఎక్కే ముందు, శృతీ, నీ పెట్టెను అడగవే అంటాడు."

"ఎప్పుడైనా తప్పు చెప్పిందా?"

"ఒకసారి చెప్పినాది. పెద్ద అండా తూర్పు అటక మీద ఉండాదని చెప్పినాది, ఆడ లేదు. అందరూ నవ్వినాము. ఈ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. రెండు దినాలు తానే నిచ్చెన ఎక్కి అన్ని అటకలూ చూసినాది. చూస్తే మా ఇంటాయన గుడి పందిట్లో వంటకు ఇచ్చి ఎవురికీ చెప్పలేదు. అప్పుడు ప్రోగ్రాము మార్చినాది. ఇప్పుడు ఎవురన్నా పాత్ర తీస్తే, పేరు కొట్టకుండా తీయలేరు. తప్పు మిషన్‌దా, మనిషిదా అని తెలుసుకోకుండా ఒప్పుకోదు మేడమ్. మనిషిదే అయినా, ఆ మనిషి మళ్లా చేయకుండా చూస్తాది."

మేడమ్ రాయడం ఆపి తల ఎత్తింది. సరిగ్గా అప్పుడే పాప చెయ్యి చాచి తెర మీద అరచేత్తో కొట్టింది. మెచ్చుకోలు బటన్ నొక్కినట్టుంది, తెర నిండా ఎర్రటి గుండె బొమ్మలు కింద నుంచి పైకి ఎగరసాగాయి. పద్నాలుగో పదిహేనో మేడమ్ ముఖం మీదుగా తేలిపోయాయి.

"అయ్యో, నేను కాదు మేడమ్, పాప!"

"పరవాలేదు. ఇవాళ నాకు వచ్చినవి ఇవే." గడియారంలో 2:10. "నలుగురితో కలిసి పనిచేయగలదా?"

"మా ఇంట్లో ఆరుమందికి ఒకే బాత్రూము మేడమ్."

"అయిదేళ్లలో ఆమె ఎక్కడ ఉండాలని మీరు అనుకుంటున్నారు?"

ఈ ప్రశ్న వినగానే సరణ్య అరటిపళ్ల బండి అంచున కూలబడింది. "అయిదేండ్ల సంగతి నాకు తెలీదు మేడమ్. మాకు సోమవారమే పెద్ద దూరం. సోమవారంలోగా స్కూలుకు జవాబు చెప్పాల. చెప్తే ఈ పిల్ల ఆడనే ఉండిపోతాది. స్కూలు చెడ్డదని కాదు. కానీ ఒకసారి అటు పోయిన పిల్లను ఇటు ఎవురూ పిలవరు. నాకు తెలుసు. ప్లస్ వన్‌లో నన్ను ఆపినప్పుడు కూడా, మళ్లా చదువుదువులే అనే చెప్పినారు."

మేడమ్ ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి. అంతే, తెర తెల్లబడింది. దాని మధ్యన రెండు వరుసల ఇంగ్లీషు. సరణ్య ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది: మీరు మరో చోట నుంచి లోపలికి వచ్చారు కనుక ఇక్కడ నుంచి బయటికి పంపబడ్డారు.

ఆమె వేలుతో తాకింది. గట్టిగా తాకింది. రెండు వేళ్లతో తాకింది. పాప కూడా సాయం చేసింది. మేడమ్ తిరిగి రాలేదు. తల ఎత్తి చూస్తే పెరియంపట్టి బస్సు బస్‌స్టాండు గేటు దాటుతోంది. వెనక కిటికీలో ఒక తెల్ల ఇస్త్రీ చొక్కా.

శృతి ఫోనుకు కొడితే బిజీ. రెండోసారీ బిజీ. ఆ తర్వాత అందుబాటులో లేదు.

ఇంటికి నడిచే వచ్చింది. పాప భుజం మీద నిద్రపోయింది, పాప బరువు నిద్రలో రెట్టింపు అవుతుందని తల్లులకే తెలుసు. గడపలో కాంతామణి కొబ్బరికాయ పట్టుకొని నిలబడి ఉంది. సరణ్య ఏదీ దాచకుండా చెప్పింది. మధ్యలోనే కట్ అయిందనీ, శృతి ప్లేటు కడగని సంగతి కూడా తను చెప్పేసిందనీ, పిల్ల బస్సులో పోయిందనీ.

కాంతామణి కొబ్బరికాయను మెట్టు మీద పెట్టి, దాని పక్కనే తనూ కూర్చుంది. "మంచిదని చేసినా సరణ్యా" అన్నది చివరికి. ఆ గొంతు ఆమెది కాదు.

"తెలుసత్తా."

"అది నాతో మాట్లాడదు ఇంక."

"మాట్లాడతాదిలే అత్తా. మన ఇంట్లో మాట్లాడకుండా ఎవురుండనిస్తారు?" అని సరణ్య పాపను పడుకోబెట్టి, ఆపి ఉంచిన కుక్కరును పొయ్యి మీద పెట్టింది. సోమవారం స్కూలుకు ఏమని చెప్పాలో, ఎవరు చెప్పాలో ఆలోచించింది. తనే చెప్పాలి. ఇలాంటివన్నీ తనకే వస్తాయి.

ఒంటిగంటకు శృతి వచ్చింది. తలలో మూర మల్లెపూలు, నుదుట చందనం, చేతిలో లడ్డూల సంచి, చంకలో పసుపు మూట. గడప బయటే ఆగింది.

"లోపలికి తేవచ్చునా మా? ప్రయాణం ముగిసినట్టా, లేదా?"

సరణ్యే చెయ్యి పట్టి లోపలికి లాగింది. "ఏమైంది చెప్పవే!"

"ఏమయ్యేది? బస్సు ఎక్కినా. సెల్లమ్మక్క మూట ఇవ్వను అన్నాది. మీయమ్మకు మాటిచ్చినా, రాహుకాలంలో విప్పను, పదిన్నర కానీ అన్నాది. మూటలో నుంచి నా ఫోను, మేళాకని పెట్టుకున్న అలారం, మోగతా ఉండాది! పావుగంట నుంచి మోగతా ఉండాది, సామి ఉండాది లోపల, నేను తాకలేదు అంటాది. లాగినాను, ఆయమ్మ లాగినాది, బస్సు కదిలిపోయినాది. చివరికి పక్క సీటు ముసలాయన, ఆ పిల్లదే కదా ప్రయాణం, ఆ పిల్ల విప్పితే దోషం లేదు అన్నాడు. అప్పుడు ఇచ్చినాది."

"తర్వాత?"

"ల్యాప్‌టాప్ తెరిచేదానికి టైమ్ యాడ? ఫోనులోనే లోపలికి పోయినా. నలభై సెకన్లు మిగిలుండాయి. నేను బట్టీ పట్టింది మొదలుపెట్టినా, నా పేరు శృతి, నేను కష్టపడి అని. ఆ మేడమ్ చెయ్యి అడ్డం పెట్టి, అదంతా మీ వదిన చెప్పేసింది, ఒక్కటి చెప్పు, ఒకే పాత్రను ఇద్దరు ఒకే సమయంలో తీసుకున్నామని కొడితే నీ ప్రోగ్రాము ఎవరి పేరు రాసుకుంటుంది అని అడిగింది."

"ఎవురి పేరు?" అన్నది కాంతామణి, ఊపిరి బిగబట్టి.

"ముందు కొట్టిన వాళ్లది. రెండో వాళ్లకు, ఫలానా వాళ్ల దగ్గర ఉండాది, పోయి అడుగు అని చెప్తాది. అంతే చెప్పినా. సెల్లమ్మక్క నా భుజం మీద నుంచి తొంగి, నమస్కారం అన్నాది. టైమ్ అయిపోయినాది. తర్వాత సిగ్నల్ పోయినాది. ల్యాప్‌టాప్ తెరవలేదు వదినా. ఒక్కసారి కూడా తెరవలేదు." శృతి మూటను బల్ల మీద పెట్టింది. "అంతా పోయిందనుకోని పెరియంపట్టిలో దిగినా. తిరుగు బస్సు పన్నెండుకు. చెవులు కుట్టేటప్పుడు ఆ పాప నా ఒళ్లోనే కూర్చుంటానని ఏడ్చినాది. అన్నం కూడా పెట్టినారు."

అన్నం మాట వినగానే సరణ్యకు తను తినలేదని గుర్తొచ్చింది. వెంటనే మరిచిపోయింది కూడా, ఎందుకంటే శృతి ఫోను ముందుకు చాచింది.

"తిరుగు బస్సులో సిగ్నల్ రాగానే ఇది వచ్చినాది."

కంపెనీ నుంచి ఉత్తరం. మొదటి రౌండు దాటినందుకు అభినందనలు. బుధవారం మధ్యాహ్నం మూడింటికి రెండో రౌండు, ప్రోగ్రాము రాసి చూపించాలి, గంటసేపు. శృతి చదివి తెలుగులో చెబుతూ ఉంటే కాంతామణి మెట్టు మీద నుంచి లేచి నిలబడింది. ఆమె వెన్ను నిమిషానికి ఒక అంగుళం చొప్పున నిటారు కావడం సరణ్య కళ్లారా చూసింది.

"స్కూలుకు ఏం చెప్పేది మా?" అన్నది శృతి.

"బుధవారం దాకా ఆగమని చెప్పు. ఆగకపోతే పోనీ." కాంతామణి కొబ్బరికాయ చేతిలోకి తీసుకుంది. "నేను చెప్తానే ఉన్నా కదా. పద్ధతిగా చేసింది యాడికి పోతాది? ల్యాప్‌టాపు విప్పకుండానే పని జరిగిందంటే, అది నీ చదువా, నా పరస్తానమా? నువ్వే చెప్పు సరణ్యా!" జవాబు కోసం ఆగకుండా వీధిలోకి పోయి కలైసెల్వికి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ కథలో సరణ్య ఆటో ఎక్కడం దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

శృతి ఆ తెల్ల చొక్కాతోనే వంటింట్లోకి వచ్చి, ఎవరూ అడక్కుండా ఒక కంచం కడిగి, అన్నం పెట్టి వదిన ముందు ఉంచింది. సరణ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేలోపే గదిలో పాప లేచి ఏడ్చింది.

"కూర్చో వదినా, నేను పోతా. కింద ఇంకో రెండు లైన్లు ఉండాయి, అమ్మ ముందర చదవలేదు. నీకే అవి." శృతి ఫోనును కంచం పక్కన పెట్టి వెళ్లింది.

సరణ్య ఎడంచేతి వేలు పెట్టుకొని, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చదివింది: రెండో రౌండులో దయచేసి అభ్యర్థే మొదటి నుంచి చివరిదాకా మాట్లాడవలెను. వదినగారు రానవసరం లేదు.

రెండోసారి కూడా చదువుకుంది. కాపురానికి వచ్చిన నాలుగేళ్లలో, ఫలానా పనికి నువ్వు అక్కర్లేదని ఒకరు ఆమెకు రాతపూర్వకంగా తెలియజేయడం అదే మొదటిసారి.